ఏ గదిలో 99.9 శాతం?

గాలిలోని వైరస్‌ను 99.9 శాతం నిర్మూలిస్తామని చెప్పుకొంటూ ఎయిర్ ప్యూరిఫయర్లు కొవిడ్ కాలం నుంచి ఆసుపత్రుల్లోకి, బడుల్లోకి, ఇళ్లలోకి వచ్చి చేరాయి. ఆ అంకె ప్రయోగశాలలో నిజంగానే వచ్చి ఉండవచ్చు. ఎంత గదిలో, ఎంతసేపటికి, ఏ వైరస్‌పై వచ్చిందో చెప్పకుండా దాన్ని అమ్మకానికి వాడుకోవడమే మా అభ్యంతరం.

ఈ పరీక్షను గాలి చొరబడని గదిలో చేస్తారు. వైరస్ కలిపిన ద్రవాన్ని నెబ్యులైజర్‌తో సన్నని తుంపరగా వదిలి, యంత్రాన్ని నడిపి, నిర్ణీత వ్యవధుల్లో గాలి నమూనాలు తీస్తారు. కరోనా వైరస్‌తోనే పరీక్షించాలంటే మూడో స్థాయి జీవభద్రత ఉన్న ప్రయోగశాల కావాలి కనుక, బ్యాక్టీరియాకు మాత్రమే సోకే ఎంఎస్-2 వంటి వైరస్‌లను (వీటిని ఫేజ్‌లంటారు) తరచూ వాడతారు. ఈ-కొలై బ్యాక్టీరియా పరచుకున్న పెట్రీ పళ్లెంలో నమూనాను వేస్తే, బతికున్న ఫేజ్ పడిన చోటల్లా బ్యాక్టీరియా చచ్చి చిన్న మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చలను లెక్కపెడతారు. యంత్రాన్ని ఆపి కూడా ఇదే ప్రయోగం చేసి తీరాలి. తుంపరలు వాటంతట అవే నేలకు దిగుతాయి, కొంత వైరస్ గాలిలోనే నశిస్తుంది. ఆ సహజమైన తగ్గుదలను మినహాయించని ఫలితంలో యంత్రం వాటా ఎంతో తేలదు.

అసలు మర్మం గది పరిమాణంలో ఉంది. గంటకు 10 ఘనపు మీటర్ల గాలిని మాత్రమే శుభ్రం చేయగల యంత్రాన్ని ఒక ఘనపు మీటరు పెట్టెలో గంటసేపు నడిపితే వైరస్ 99.99 శాతానికి పైగా తగ్గుతుంది. అదే యంత్రాన్ని 30 ఘనపు మీటర్ల గదిలో, అంటే మన ఇళ్లలోని మామూలు పడకగదిలో పెడితే, గంట తర్వాత తగ్గేది సుమారు 28 శాతమే. రెండు లెక్కలూ నిజమే, కానీ కొనేవారి చెవిన పడేది మొదటిది ఒక్కటే. అమెరికాలో కొవిడ్ నిధులతో బడులు కొన్న కొన్ని అయాన్ యంత్రాల (గాలిలోకి విద్యుదావేశ కణాలను వదిలేవి) ఘనత చెప్పుల పెట్టెంత డబ్బాలో చేసిన పరీక్షపై ఆధారపడిందని తర్వాత బయటపడింది. అటువంటి పరికరంపై 2021లో వెలువడిన స్వతంత్ర అధ్యయనంలో ధూళికణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, పైగా కొన్ని రసాయన ఆవిర్లు పెరిగాయి. పసిపిల్లలు పీల్చే గాలితో ఇలాంటి ప్రయోగాలు తగవు.

అలాగని గాలి శుద్ధినే కొట్టిపారేయలేం. 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టే హెపా వడపోత ఎంతో కాలంగా నిగ్గుదేలినది. కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి కొవిడ్ వార్డులో హెపా, అతినీలలోహిత కిరణాలు కలిసిన యంత్రాలు నడిచిన రోజుల్లో గాలి నమూనాల్లో కరోనా వైరస్ కనిపించలేదు, ఆపగానే మళ్లీ కనిపించింది. రోగులున్న వార్డులో తేలిన ఇలాంటి ఫలితానికి ఖాళీ పెట్టెలో వచ్చిన శాతం సాటిరాదు. కొవిడ్ రోగులున్న గదుల గాలిలో వైరస్ ఉనికిని గుర్తించిన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వంటివి మనకున్నాయి. ఈ తరహా పరీక్షలకు వాటి అనుభవాన్ని ప్రభుత్వాలు వాడుకోవాలి.

అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే 2023లో తెచ్చిన 241వ ప్రమాణం శాతాలను పక్కనపెట్టి, ఒక్కో మనిషికి ఎంత శుద్ధమైన గాలి అందాలో నిర్దేశిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఆ దారిలోనే ఆలోచించాలి. ప్రభుత్వ ఆసుపత్రులకు పరికరాలు కొనే తెలుగు రాష్ట్రాల వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థలు అంతవరకూ ఆగనక్కరలేదు. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి శుద్ధి అవుతుంది, ఏ వైరస్‌పై, ఎంత గదిలో పరీక్షించారు, యంత్రం ఆపినప్పుడు వచ్చిన ఫలితం ఏమిటి, ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వాయువు ఎంత వెలువడుతుంది అన్న వివరాలతో పూర్తి ప్రయోగశాల నివేదికను జతచేయని టెండరును తెరవకుండానే తిప్పి పంపాలి.