పాత బేస్‌బాల్ గ్లౌజు దొరికితే లక్షలేనా? ఆ మెసేజ్‌లో తప్పులెన్నో

ఈ మధ్య అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గరాజ్ సేల్‌లో, అంటే ఇళ్ల ముందు పాత సామాన్లు అమ్మే చోట, పాత బేస్‌బాల్ గ్లౌజు కనిపిస్తే వదలొద్దట, పాతదైతే చాలు డబ్బేనట. దాని మీద పెద్ద ఆటగాడి పేరుంటే అది ఆయన వాడినదేనట. సంతకమున్న బంతికి సర్టిఫికెట్ ఉంటే ఢోకా లేదట. ఇంటికి తెచ్చి నూనె పట్టించి కొత్తదానిలా చేస్తే రేటు రెట్టింపట. బంగారం కన్నా, షేర్ల కన్నా ఇదే మేలైన పెట్టుబడట. చివర్లో ఒకప్పటి బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ చొక్కా ఫొటో పెట్టి, 2 కోట్ల 41 లక్షల డాలర్లు పలికిందని రాశారు.

నేను సెయింట్ లూయిస్‌లో ఉంటాను. పన్నెండేళ్లుగా పాత గ్లౌజులు సేకరిస్తున్నాను. ఆ మెసేజ్ మొదటిసారి చూసినప్పుడు పట్టించుకోలేదు. కానీ మొన్న శనివారం మా వీధి చివర ఉండే తెలుగు కుర్రాడొకడు సంచి పట్టుకుని వచ్చాడు. "అన్నా, స్టాన్ మ్యూజియల్ గ్లౌజు దొరికింది. నాలుగొందల డాలర్లు పెట్టాను. ఎంతకు పోతుందంటావు?" అన్నాడు. వాడి ముఖంలో ఆ వెలుగు చూశాక అసలు సంగతి వెంటనే చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకెవరూ ఇలా డబ్బు పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతే చూద్దాం. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

మ్యూజియల్ 1941 నుంచి 1963 దాకా ఆడింది ఒక్క సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకే. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. రాలింగ్స్ కంపెనీ 1887లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. ఆ కంపెనీ మ్యూజియల్ పేరుతో గ్లౌజులు చేసి ఊరూరా దుకాణాల్లో అమ్మింది. అరచేతి భాగంలో ఆయన సంతకం అచ్చు గుద్ది ఉంటుంది. అది ఆయన పెన్నుతో పెట్టిన సంతకం కాదు, ఫ్యాక్టరీలో వేసిన ముద్ర. చిన్నప్పుడు మన ఊళ్లలో సచిన్ సంతకం స్టిక్కర్ అంటించిన బ్యాట్లు ఎందరి దగ్గర లేవు? అది సచిన్ ఆడిన బ్యాటని మనలో ఎవరైనా అనుకున్నామా? ఇదీ అంతే.

ఆ కుర్రాడి గ్లౌజును టేబుల్ మీద పెట్టి, "ఒకసారి తొడుక్కో" అన్నాను. ఎడమ చేతికి తొడుక్కున్నాడు, సరిగ్గా సరిపోయింది. బేస్‌బాల్‌లో బంతి విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి, గ్లౌజు రెండో చేతికి ఉండాలి. అంటే ఎడమ చేతి గ్లౌజు కుడిచేత్తో విసిరేవాళ్లది. మ్యూజియల్ విసిరేది ఎడమచేత్తో. ఆయన గ్లౌజు కుడిచేతికి ఉండేది. కాబట్టి ఈ గ్లౌజు ఆయన చేతికి ఎక్కే అవకాశమే లేదు. రూత్, ఆ కాలపు మరో పెద్ద ఆటగాడు లూ గెరిగ్ కూడా ఎడమచేత్తోనే విసిరేవాళ్లు. వాళ్ల పేర్లున్న గ్లౌజు దొరికితే ముందు ఏ చేతికి పడుతుందో చూడండి, అర నిమిషం పని. అయితే కుడిచేతికి పట్టినంత మాత్రాన అది వాళ్లదైపోదు. ఎడమచేతి వాటం పిల్లల కోసం కూడా దుకాణాలు అవే పేర్లతో అమ్మాయి.

మరి నిజంగా ఆటగాడు వాడిన గ్లౌజు ఎలా తెలుస్తుంది? ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో తెగకుండా ఆధారం ఉండాలి. 2022లో రూత్ గ్లౌజు ఒకటి 15 లక్షల డాలర్లు దాటింది. రూత్ దాన్ని జిమ్మీ ఆస్టిన్ అనే సాటి ఆటగాడికి ఇచ్చాడన్న చరిత్ర దానితోపాటే వచ్చింది. అంతకుముందు, 1999లో గెరిగ్ చివరి గ్లౌజు సోథబీస్ వేలంలో 3,87,500 డాలర్లు పలికింది. దానికీ అలాంటి చరిత్రే ఉంది. గరాజ్ సేల్ బల్ల మీద ఉన్నదానికి ఏ చరిత్ర ఉందో అమ్మేవాళ్లను అడిగి చూడండి. "మా మామయ్య అటక మీద దొరికింది" అంటారు.

ఇక పాతదైతే చాలన్న మాట. 1950లు, 60లలో అమెరికాలో మగపిల్లలున్న ఇళ్లలో గ్లౌజు మామూలు వస్తువు. సియర్స్ దుకాణాలు బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ పేరు మీద ఆట సామాన్లన్నీ అమ్మేవి. ఆ గ్లౌజులు ఇప్పటికీ అటకల మీద కుప్పలుగా ఉన్నాయి. నేను అలాంటివి ఇరవై డాలర్లకూ కొన్నాను, పదికీ కొన్నాను. అరవై ఏళ్లు గడిచినంత మాత్రాన సంగతి మారదు. అరుదైనవి వేరు. 1890ల నాటి, వేళ్ల మధ్య వల లేని చిన్న గ్లౌజులు, అప్పటి అట్టపెట్టెతో సహా మిగిలినవి అరుదు. కొన్నిసార్లు బొమ్మలున్న ఆ పెట్టెకే లోపలి గ్లౌజు కన్నా ఎక్కువ రేటు వస్తుంది.

ఇక్కడ బిల్ డోక్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కార్డినల్స్ పిచర్ ఆయన, అంటే మన బౌలర్ లాంటివాడు. అప్పటి గ్లౌజు అంటే దూది కూరిన తోలు తొడుగు, బంతి దెబ్బ నుంచి చేతిని కాపాడేది, అంతే. 1919లో డోక్ రాలింగ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు దారాలతో వల అల్లితే బంతి అందులో ఇరుక్కుంటుందని చెప్పాడు. మరుసటి ఏడాదే ఆ గ్లౌజు అమ్మకానికి వచ్చింది. బంతిని ఆపడం కాస్తా బంతిని పట్టడంగా మారింది అక్కడే. ఇవాళ్టి గ్లౌజుల్లో ఉన్నదీ అదే ఆలోచన. డోక్ పేరుతో ఆ మోడల్ మూడు దశాబ్దాల పాటు అమ్ముడైంది కాబట్టి అదేమీ దొరకని వస్తువు కాదు. నా దగ్గర ఒకటుంది, తోలు ఎండి పగిలింది, వల తెగింది. అమ్మితే పెద్దగా ఏమీ రాదు. నా దగ్గరున్న వాటన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. విలువ అంటే ధర ఒక్కటే అనుకునే ఆ మెసేజ్ మీద నాకు అంత కోపం రావడానికి ఇదీ ఒక కారణం.

సర్టిఫికెట్ దగ్గరికి వద్దాం. మొదట్లో ఇందులో నేనూ దెబ్బ తిన్నాను. పాత ఆట వస్తువులు అమ్మే ఒక షోలో రూత్ సంతకం ఉందని చెప్పి బంతి అమ్మారు. సిరా వెలిసిపోయింది కాబట్టి తక్కువకు ఇస్తున్నామన్నారు. చేతిలో దళసరి కాగితం మీద బంగారు రంగు సీలుతో సర్టిఫికెట్ పెట్టారు. పదకొండు వందల డాలర్లు ఇచ్చాను. ఏడాది తర్వాత ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, సంతకం వైపు కూడా చూడకుండా, బంతి మీద అచ్చు వేసిన పేరు చదవమన్నాడు. వారెన్ గైల్స్ అని ఉంది. అమెరికా బేస్‌బాల్ జట్లు నేషనల్, అమెరికన్ అని రెండు లీగుల్లో ఉంటాయి. ఆ రోజుల్లో ఏ లీగ్ అధికారిక బంతి మీద ఆ లీగ్ అధ్యక్షుడి పేరు అచ్చు వేసేవారు. గైల్స్ నేషనల్ లీగ్ అధ్యక్షుడైంది 1951లో. రూత్ చనిపోయింది 1948 ఆగస్టులో. చనిపోయిన మూడేళ్లకు తయారైన బంతి మీద సంతకం ఎలా పెడతాడు? అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, సర్టిఫికెట్ ఇచ్చాం కదా అన్నారు. ఆ డబ్బు రాలేదు.

అప్పటి నుంచి సంతకం చూడటానికి ముందు తేదీలు చూస్తాను. అమెరికన్ లీగ్ బంతుల మీద విలియం హారిడ్జ్ పేరు 1931 నుంచి 1959 దాకా, ఆ తర్వాత జో క్రోనిన్ పేరు 1973 దాకా ఉంటుంది. లీగుల్లో వాడే బంతికి గుర్రపు తోలు పోయి ఆవు తోలు వచ్చింది 1974లో. బాల్‌పాయింట్ పెన్ను అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరు చివర్లో, షార్పీ మార్కర్ 1964లో. గెరిగ్ పోయింది 1941లో. ఆయన సంతకం బాల్‌పాయింట్‌తో కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు.

1990ల చివర్లో ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరుతో ఈ దొంగ సంతకాల ముఠాల మీద పడింది. మార్కెట్‌లో ఉన్న సంతకాల్లో సగానికి పైగా నకిలీవే కావచ్చని అప్పట్లో అంచనా. సంతకాన్ని దొంగగా పెట్టేవాడికి సర్టిఫికెట్ అచ్చు వేయడం ఒక పనా? వాటినీ వాళ్లే తయారు చేశారు. ఆ దెబ్బతోనే మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో సొంత ధ్రువీకరణ మొదలుపెట్టింది. పోలీసు శాఖల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు మైదానంలోనే ఉండి, బంతి ఆటలోంచి బయటికి రావడం కళ్లారా చూసి హోలోగ్రామ్ స్టిక్కర్ అంటిస్తారు. అది గట్టి పద్ధతే. కానీ గరాజ్‌లో దొరికే 1950ల వస్తువుకు అది ఎందుకూ పనికిరాదు.

నూనె మాట చదివినప్పుడు నాకు నిజంగా కడుపు మండింది. దయచేసి ఆ పని చేయకండి. నూనె ఎక్కువైతే తోలు నల్లబడుతుంది, బరువెక్కుతుంది, లోపలి దూదిలోకి దిగుతుంది. మోడల్ నంబరు, కంపెనీ ముద్ర మసకబారిపోతాయి. మణికట్టు పట్టీ మీద కుట్టిన గుడ్డ లేబుల్‌కు మరకలు పడతాయి. సేకరించేవాళ్లు మొట్టమొదట చూసేవే అవి. పాత తోలు దారాలు పీకి కొత్తవి ఎక్కించినా అంతే. పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. తోలు మరీ ఎండిపోతే వేలి కొసతో కొంచెం లెదర్ క్రీము రాసి వదిలేయండి. పాతదాన్ని చెప్పకుండా మెరుగుపెట్టడం ఎక్కడికి దారితీస్తుందో పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న బేస్‌బాల్ కార్డు కథే చెబుతుంది. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ మరొకరితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్న కార్డు అది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. వేలంపాటల్లో చేసిన మోసాలకు 2015లో అతనికి 20 నెలల జైలు పడింది.

పెట్టుబడి గురించి ఎక్కువ చెప్పను. మార్క్ మెక్‌గ్వైర్ ఒకే సీజన్‌లో రికార్డుగా కొట్టిన 70వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) బంతి 1999లో 30 లక్షల డాలర్లు పలికింది. ఆ రికార్డును బ్యారీ బాండ్స్ 2001లో 73తో దాటాడు. ఆ 73వ బంతికి 2003లో వచ్చింది 4,50,000. పైగా ఇలాంటి వస్తువుల దీర్ఘకాలిక లాభం మీద అమెరికాలో పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్లకైతే గరిష్ఠంగా 20. వేలం సంస్థల కమిషన్ వేరే.

రూత్ చొక్కా లెక్క మాత్రం నిజమే, 2024లో ఆ ధర వచ్చింది. అదే చొక్కా 2005లో 9,40,000 డాలర్లకు అమ్ముడైందని మెసేజ్‌లో రాయలేదు. ఈ పంతొమ్మిదేళ్లలో మార్కెట్ పెరిగింది, నిజమే. కానీ పెద్ద తేడా ఎక్కడొచ్చిందంటే, 1932 వరల్డ్ సిరీస్ (ఆ ఏటి ఫైనల్ పోటీలు) ఫొటోలతో కుట్లు, అక్షరాలు ఉన్న చోటు పోల్చి, రూత్ ఆ పోటీల్లో వేసుకున్నది ఇదేనని తేల్చారు. డబ్బు వచ్చింది పాతదనానికి కాదు, రుజువుకి.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గ్లౌజును తిప్పి చూస్తూ, "లోపల ఏదో రాసుంది అన్నా" అన్నాడు. దీపం దగ్గరికి తీసుకెళ్లాం. మణికట్టు పట్టీ లోపలి వైపు, నీలం సిరాతో వంకర అక్షరాల్లో ఒక పిల్లాడి పేరు, దాని కింద ఫోన్ నంబరు. నంబరు మొదట్లో రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత ఐదు అంకెలు. ఇక్కడ ఒకప్పుడు నంబర్లు అలాగే రాసేవారు, 1960లలో ఆ పద్ధతి పోయింది. ఎక్కడైనా మర్చిపోతే ఎవరైనా తెచ్చి ఇస్తారని ఆ ఇంట్లోవాళ్లు రాయించి ఉంటారు.

"ఇది తుడిచేయాలా?" అని అడిగాడు. వద్దన్నాను. గ్లౌజును మళ్లీ ఎడమ చేతికి తొడుక్కుని, రెండో చేతి పిడికిలితో మధ్యలో రెండుసార్లు గుద్ది, అలాగే ఇంటికి నడిచి వెళ్లాడు.