మహాబీర్ గని పతకం మీద మామా అల్లుళ్ల వాదన

(గోదావరిఖని. మామ సింగరేణి బొగ్గు బాయిలో చేసి రిటైరయ్యాడు, అల్లుడు అక్కడే ఓవర్‌మన్, అంటే గని లోపల పని చూసే సూపర్‌వైజర్. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర మహాబీర్ గనిలో నీళ్ళు కమ్మాయి. లోపల చిక్కుకున్న 65 మందిని ఇంజనీర్ జస్వంత్ సింగ్ గిల్ బయటికి తెచ్చాడు. 1991లో ఆయనకు సర్వోత్తమ జీవన్ రక్షా పతకం ఇచ్చారు.)

మామ: పైనుంచి బోరు వేసి, ఒక్క మనిషి మాత్రమే పట్టే స్టీలు గొట్టంలో తానే దిగాడు అల్లుడూ. అందరినీ ఒక్కొక్కరుగా పంపించి తాను ఆఖరున ఎక్కాడు. ఇంకెవరికి ఇస్తారు పతకం?

అల్లుడు: ఆయనకే ఇవ్వాలి. కానీ పతకం పేరు చెప్పగానే ఆయనే గుర్తొస్తాడు మామా. ఆ నీళ్ళు ఎక్కడివో ఎంతమందికి గుర్తుంది? పాత పనుల్లో, అంటే బొగ్గు తవ్వి వదిలేసిన చోట్లలో నిండిన నీళ్ళు! 1877లో వేల్స్‌లోని టినెవిడ్ గనిలోనూ అంతే. పక్క పాత గని నీళ్ళే వచ్చిపడ్డాయి.

మామ: ఆ టినెవిడ్ సంగతే చూడు. అప్పటిదాకా బ్రిటన్ వాళ్ళ ఆల్బర్ట్ మెడల్ సముద్రంలో ప్రాణాలు కాపాడినవాళ్ళకే ఇచ్చేవారు. అక్కడ చిక్కుకున్నవాళ్ళను కాపాడిన గని కార్మికులను చూశాకే నేల మీది సాహసానికీ ఇవ్వడం మొదలుపెట్టారు. బొగ్గు పనివాడికి దొరికిన మర్యాద అది. దాన్ని చిన్నది చేయకు.

అల్లుడు: చిన్నది చేయడం లేదు. నీళ్ళున్న పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు పోవద్దని 1957 బొగ్గు గనుల రెగ్యులేషన్లలోనే రాశారు. అయినా 2003లో మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో నీళ్ళొచ్చి 17 మంది పోయారు.

మామ: (గొంతు పెంచి) నాకు చెప్తున్నావా 7 ఎల్‌ఈపీ గురించి! రూల్ చదివేది నువ్వు. నీళ్ళొచ్చిన పూట దిగేది ఎవడో ఒక మనిషి. వాడికి పెళ్ళాం పిల్లలు ఉంటారు. వాడికి సలాం కొట్టకపోతే రేపు రెస్క్యూ ట్రైనింగ్‌కు ఏ పిల్లగాడు పేరిస్తాడు?

అల్లుడు: సలాం కొడదాం. ఇకముందు ఇలాంటి పతకంతో ఇచ్చే పత్రంలోనే, కార్మికులు గనిలో ఎందుకు చిక్కుకున్నారో కూడా రెండు లైన్లు రాయాలంటున్నాను.

మామ: ఆ పత్రం పతకం వచ్చినవాడి ఇంట్లో గోడకు వేలాడుతుంది. దాని మీద మేనేజ్‌మెంట్ తప్పులు రాస్తావా?

అల్లుడు: మహాబీర్‌లో ఆరుగురు మునిగిపోయారు. వాళ్ళ ఇళ్ళ గోడలకు ఏముంది మామా?

మామ: (కాసేపు ఆగి) పత్రం జోలికి పోకు. ఎంక్వైరీ రిపోర్టు కార్మికుడు చదివే భాషలో, ప్రతి బాయి దగ్గరా మస్టర్ (హాజరు) పడేచోట అతికించమని అడుగు. నేనూ సంతకం పెడతా.

అల్లుడు: పెట్టు. కానీ పతకం ఇచ్చే రోజునే అతికించాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఒప్పుకోను.