విహారం అంటే పిక్నిక్కేనా?

మొన్న కార్తీకమాసంలో మా పిన్ని వాళ్ళ డ్వాక్రా సంఘం వాళ్ళంతా వ్యాన్ మాట్లాడుకుని శ్రీకాకుళం జిల్లాలో బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండకి విహారయాత్రకి వెళ్తూ సామాన్లు మొయ్యడానికి నన్నూ ఎక్కించుకున్నారు. కొండెక్కి, కింద వంశధార నది కనిపించే చోట కూర్చుని పులిహోర తింటుంటే పిన్ని బోర్డు చూసి "ఇదేటిరా, విహారం అని రాసీసారు, మనలాగ పిక్నిక్కి వచ్చీవోళ్ళ కోసమేటి?" అంది. నవ్వేను గానీ, ఆలోచిస్తే ఆవిడన్నది మరీ తప్పేం కాదు.

బౌద్ధంలో విహారం అంటే భిక్షువులు ఉండే చోటు. కానీ సంస్కృతంలో ఆ మాటకి సరదాగా తిరగడం అనే అర్థమూ ఉంది. ఊరూరా తిరిగే భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒక్కచోటే ఉండాలని రూలు, అలా ఉండడానికి కట్టినవి మెల్లగా పర్మనెంట్ అయిపోయాయి, తిరుగుడు మాట కాస్తా కట్టడం పేరైపోయింది, బీహార్ అన్న పేరు కూడా అందులోంచి వచ్చిందే. మన దగ్గర భిక్షువులు పోయారు, ఇటుకలు మిగిలాయి, మాట మాత్రం మళ్ళీ తిరగడానికి బయల్దేరింది.

సంఘం సంగతి ఇంకా తమాషా. బుద్ధుడి కాలంలో వజ్జులు, మల్లులు లాంటి తెగల వాళ్ళవి ఒక్క రాజు కింద ఉండే రాజ్యాలు కావు, పెద్దలంతా కూర్చుని తేల్చుకునేవాళ్ళు, వాటిని అప్పట్లో సంఘాలు అనేవారు. భిక్షువుల గుంపుకీ అదే పేరు. అమావాస్యకీ పౌర్ణమికీ అంతా కలిసి నియమాలు వల్లించుకోవాలి, తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి. పిన్ని వాళ్ళకీ మీటింగుంది, తీర్మానాల పుస్తకముంది, అప్పు కట్టనివాళ్ళు అందరి ముందూ చెప్పుకోవాలి. మతం పోయింది గానీ పద్ధతి ఎక్కడికీ పోలేదు కదా!

అందుకే "పవిత్రమైన మాటల్ని పాడుచేసేస్తున్నారు" అని ఎవరైనా బాధపడితే నాకు ఎక్కదు. ఇవి జనం దగ్గర మతం అప్పు తీసుకున్న మాటలు, తిరిగి జనం దగ్గరికే వచ్చాయి. అన్నట్టు 1919లో ఈ శిథిలాల్ని గుర్తించింది మన గిడుగు రామమూర్తి గారే, జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోట్లాడిన మనిషి. పిన్ని ప్రశ్న వింటే ఆయన కచ్చితంగా నోట్సు రాసుకునేవారు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లోనే లీడరమ్మ పుస్తకం తీసింది. పోయిన మీటింగుకి రానందుకు పిన్నికి పది రూపాయలు ఫైను.