పంచాయతీ ముందు కట్టిన తెర: 2023లో నాకు మిగిలిన క్షణాలు

ఏప్రిల్ మొదటి వారంలో మా మేనత్త వాళ్ల ఊరికి వెళ్లాను. కరీంనగర్ పక్కన చిన్న పల్లె. పొద్దుగూకగానే పంచాయతీ ఆఫీసు ముందు రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టారు. ప్రొజెక్టర్ ఎవరో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అబ్బాయిది. సౌండ్ బాక్సులు వినాయకుడి మంటపానివి. ముసలివాళ్లకు ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మిగతావాళ్లు ఇళ్ల నుంచి చాపలు, పాత దుప్పట్లు తెచ్చుకున్నారు. గాలి వీచినప్పుడల్లా తెర ఉబ్బి, దాని మీది ముఖాలు పక్కకు సాగిపోతుంటే, ఒక పిల్లాడు పరుగెత్తుకెళ్లి గుడ్డ కింది అంచు మీద ఇటుక పెట్టి వచ్చాడు. కాసేపటికి అది జారిపోయింది. మళ్లీ వెళ్లి రెండు పెట్టాడు.

ఆ రాత్రి వేసిన సినిమా 'బలగం'. మార్చి 3న థియేటర్లలోకి వచ్చింది, 24 నుంచి ప్రైమ్ వీడియోలో ఉంది. మా బావ ఫోన్లోనే ఉంది. అయినా ఆయన ఆ ఫోన్ జేబులో పెట్టుకుని, భార్యాపిల్లలతో వచ్చి మట్టిలో కూర్చున్నాడు. ఏడాది చివర్లో వెనక్కి తిరిగి చూసుకుంటుంటే నాకు ముందుగా గుర్తొస్తున్నది ఈ దృశ్యమే. చేతిలో ఉన్నదాన్ని కూడా నలుగురితో కలిసి చూడాలని మనుషులు ఇల్లు దాటి వచ్చిన సంవత్సరం 2023. ఈ ఏడు నాకు నచ్చిన క్షణాల్లో చాలావరకు అలాంటివే.

'బలగం' కథ చెప్పుకుంటే చాలా చిన్నది. కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. దినాల్లో పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఎందుకు ముట్టడం లేదన్నదే సినిమా అంతా. ఎప్పుడో విందులో నల్లిబొక్క (మూలుగు ఎముక) దగ్గర మొదలైన బావబామ్మర్దుల పంతం, ఇరవై ఏళ్లుగా పుట్టింటి గడప తొక్కని ఆడబిడ్డ, ఎవరి లెక్కల్లో వాళ్లున్న కొడుకులు. అప్పటిదాకా నవ్వించే పాత్రల్లోనే చూసిన వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా ఇది. సిరిసిల్ల ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు కాబట్టి చావింట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎప్పుడు గొంతెత్తుతారో ఆయనకు తెలుసు. ఏడుపు మధ్యలో కూడా వంట గురించి, కోడి గురించి, కల్లు గురించి మాట్లాడుకునే మనుషులను దాచకుండా చూపించాడు. అందుకే మా అత్త పక్కన కూర్చున్న పెద్దావిడ సినిమా నడుస్తుండగానే "అచ్చం మా ఇంట్ల అయినట్టే అయితున్నది" అని రెండుసార్లు పైకే అంది. ఎవరూ ఊరుకోమనలేదు.

చివర్లో వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి, పోయిన మనిషి గురించి పాడతారు. వాళ్లు నటులు కారు. ఊరూరా తిరిగి బుర్రకథ చెప్పి బతికిన బుడగ జంగాల కళాకారులు. సినిమాలో కొమురయ్య ఇంటి ముందు పాడినట్టే వాళ్లు నిజంగానూ చావు జరిగిన ఇళ్ల ముందు పాడేవాళ్లు. ఆ పాట మొదలయ్యేసరికి పంచాయతీ ముందు కూర్చున్నవాళ్లకు అది సినిమా కాకుండా పోయింది. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లను చూశాను. ఎన్నికల గొడవలతో పలకరింపులు మానేసిన ఇద్దరు మగవాళ్లు ఒకరి వెనుక ఒకరు కూర్చుని కళ్లు తుడుచుకోవడం చూశాను. తెలంగాణలో ఎన్నో ఊళ్లలో ఆ రోజుల్లో ఇలాగే తెరలు కట్టారు. సినిమా చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిశారన్న వార్తలు పేపర్లలో వచ్చాయి. అందులో ఎన్ని నిలబడ్డాయన్నది పక్కన పెడితే, ఒక సినిమా గురించి అలాంటి వార్త రావడమే నా వరకు పెద్ద విషయం.

తెర పెద్దదని మాత్రమే అలా జరిగిందనుకోను. ఒక్కరమే చూస్తే ఏడుపొచ్చినచోట ఆపేస్తాం, నీళ్లు తాగి వస్తాం, వేలితో ముందుకు జరుపుతాం. ఊరి మధ్యలో ఆ వీలుండదు. పక్కవాళ్లు చూస్తుంటారు, వాళ్లను మనమూ చూస్తుంటాం. ఆ కథలోని ఆడబిడ్డ మన వాకిట్లోకి వచ్చిన మన ఆడబిడ్డే అయినప్పుడు తప్పించుకోవడానికి దారే ఉండదు.

దానికి మూడు వారాల ముందు, మార్చి 13న, ఇంకో తెర ముందు కూర్చున్నాం. ఆఫీసుకు వెళ్లాల్సిన సోమవారం. ఐదున్నర నుంచే ఆస్కార్ కార్యక్రమం పెట్టుకుని అమ్మ, నేను, పక్కింటి ఇంజినీరింగ్ అబ్బాయి టీవీ ముందు కూర్చున్నాం. 'ఆర్ఆర్ఆర్'లోని 'నాటు నాటు' పాటకు జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది కాబట్టి ఆశ ఉంది, అందుకే టెన్షన్ కూడా ఎక్కువైంది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ డాల్బీ థియేటర్ వేదిక మీద 'నాటు నాటు' ఎత్తుకోగానే అమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఒక పాతబస్తీ కుర్రాడు లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ అంతా వింటుండగా తెలుగులో పాడుతున్నాడు. పాట అయ్యాక హాలు హాలంతా లేచి నిలబడింది.

చంద్రబోస్ రాసిన ఆ పాటలో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. జొన్నరొట్టెలో మిరపతొక్కు, మర్రిచెట్టు నీడ, పోలేరమ్మ జాతర, కిర్రుచెప్పులు, కర్రసాము. ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగెలో పుట్టినాయన చిన్నప్పటి నుంచి చూసిన వస్తువులవి. 2021 ఆగస్టులో ఆ పాటను కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు చిత్రీకరించారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ దేశం మీద యుద్ధం వచ్చి పడింది. ఇప్పుడు ఆ పాట చూసినప్పుడల్లా వెనకున్న నీలిరంగు గోడ మీదికి నా కళ్లు పోతాయి. సినిమాలోని కథకు దాంతో సంబంధం లేదు, అయినా ఆ గోడ నన్ను వదలదు.

కీరవాణి అవార్డు అందుకుని, తాను వింటూ పెరిగిన కార్పెంటర్స్ పాట వరసలో తన మాటలు పేర్చి పాడారు. భారతీయ సినిమా పాటకు ఉత్తమ గీతం ఆస్కార్ రావడం అదే మొదటిసారి. అక్కడ ఉపన్యాసం ఇచ్చి దిగవచ్చు, ఆయన పాట పాడారు. చిన్నప్పుడు రేడియోలోనో టేపులోనో విన్న పాటకు అప్పు తీర్చుకున్నట్టుగా ఉంది నాకు. ఒక బాధ మాత్రం ఉంది. ఆ వేదిక మీద ముందు నిలబడి ఆడిన ఇద్దరు డ్యాన్సర్లలో మన దేశపు మూలాలున్నవాళ్లు లేరు. ఈ అభ్యంతరం అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచే గట్టిగా వచ్చింది, అది న్యాయమైనదే. మన పాటకు అంత గౌరవం ఇచ్చిన వేదిక మన కాళ్లకు కూడా చోటివ్వాల్సింది.

ఫిబ్రవరి గురించి రాయడం కష్టం. 2వ తేదీ రాత్రి కె. విశ్వనాథ్ గారు వెళ్లిపోయారు. 'శంకరాభరణం' విడుదలైంది కూడా 1980లో అదే తేదీన. రెండు రోజులు గడవకముందే, 4న, వాణీ జయరాం గారు చెన్నైలో కన్నుమూశారు. ఆ సినిమాకే ఆమెకు, బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ అవార్డులు వచ్చాయి. బాలు గారు 2020లోనే పోయారు. ఆ వారం మా ఇంట్లో మళ్లీ 'శంకరాభరణం' పెట్టుకున్నాం. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేని అమ్మ, 'ఏ తీరుగ నను దయచూచెదవో' వచ్చినప్పుడు చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపేసింది. పాట అయ్యేదాకా ఆ కాయ అలాగే చేతిలో ఉండిపోయింది. పక్కింటి పిన్నిగారు తలుపు దగ్గరే నిలబడి విని, పాటయ్యాక లోపలికి వచ్చారు. ఆ సినిమాకు అవార్డులు అందుకున్న ఆ రెండు గొంతులు, తీసిన మనిషి, శంకరశాస్త్రిగా నిలబడ్డ సోమయాజులు, స్వరం కట్టిన మహదేవన్ ఎవ్వరూ లేరిప్పుడు. నేను పుట్టకముందు వచ్చిన సినిమా గురించి ఇంత దిగులేమిటో అమ్మకు చెప్పి చూశాను, సరిగా చెప్పలేకపోయాను.

ఇక రీ-రిలీజులు. వీటి గురించి చాలామంది పెదవి విరిచారు. కొత్త సినిమాలకు జనం రాక పాతవి వేసుకుంటున్నారని, అభిమానుల హడావుడి తప్ప ఏమీ లేదని అన్నారు. కొంత నిజమే. తెర దగ్గర టపాసులు పేల్చడం, సీట్లు విరగ్గొట్టడం నేను ఏ రకంగానూ సమర్థించను. ఆ సీట్లలో మర్నాడు కూర్చోవాల్సింది పిల్లాపాపలతో వచ్చే మనుషులు. కానీ ఆగస్టు 4న మళ్లీ వచ్చిన 'సూర్య సన్నాఫ్ కృష్ణన్' చూశాక రీ-రిలీజుల మీద నా అభిప్రాయం మారింది. 2008 నాటి తమిళ సినిమాకు తెలుగు డబ్బింగ్. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అప్పటికి పలక పట్టుకున్న వయసువాళ్లు. నా పక్క సీటు అబ్బాయి మెడలో కంపెనీ ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది, షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చాడు. పాట మొదలవగానే హాలంతా గొంతు కలిపింది, తెర మీది పాట వినబడలేదు. తండ్రి చనిపోయే సన్నివేశంలో మాత్రం ఆ అబ్బాయి ఒక్క మాటా లేకుండా ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

'ఆరెంజ్' సంగతి చూడండి. 2010లో ఆడలేదు. ఈ మార్చిలో మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి. ఈ రెండు సినిమాలకూ పాటలు కట్టింది హారిస్ జయరాజ్. నాకు తోచిన కారణం ఇది: సినిమాలు థియేటర్ల నుంచి వెళ్లిపోయినా పాటలు పదేళ్లకు పైగా ఈ పిల్లల చెవుల్లోనే ఉన్నాయి. హాస్టల్ గదుల్లో, బస్సు కిటికీల దగ్గర, ఇయర్‌ఫోన్లలో ఎవరికి వాళ్లు విన్నారు. అవే పాటలు వందల మందికి తెలుసని తొలిసారి ఆ హాల్లో చూసుకున్నారు. టికెట్ కొన్నది ఆ పని కోసమే అనుకుంటాను.

ఆగస్టు అంతా ఇలాంటి రోజులే. 6న గద్దర్ పోయారు. ఎల్బీ స్టేడియంలో ఆయన చుట్టూ చేరిన జనాన్ని టీవీలో చూశాను. ఆయనకు తెర అక్కర్లేదు. గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర ఉంటే ఏ ఊరి నడిబజారైనా వేదికే. 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగింది. ఇది సినిమా కాదు, అయినా నా లిస్టులో ఉంటుంది. ఇస్రో యూట్యూబ్ చానల్‌లో ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. మా వీధిలో ఇస్త్రీ బండి దగ్గర ఒక్క ఫోన్ చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు, పదోదాన్ని నేను. మర్నాడే జాతీయ అవార్డులు. 'పుష్ప'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, ఆ అవార్డు ఒక తెలుగు నటుడికి రావడం అదే తొలిసారి. చంద్రబోస్‌కు 'కొండపొలం' పాటకు వచ్చింది. ప్రపంచమంతా పాడిన పాట ఉండగా, జనం అంతగా పట్టించుకోని ఆ పాటకు రావడం నాకు ప్రత్యేకంగా నచ్చింది.

'పుష్ప'లో చిత్తూరు యాస, 'బలగం'లో కరీంనగర్ వైపు మాట, 'దసరా'లో నాని నోట గోదావరిఖని బొగ్గుబావుల దగ్గరి తెలంగాణ. నేను చిన్నప్పుడు చూసిన సినిమాల్లో యాస మాట్లాడితే వాడు విలనో, నవ్వించే పనివాడో అయి ఉండేవాడు. హీరో మాత్రం ఎక్కడ పుట్టినా ఒకే తెలుగు మాట్లాడేవాడు. మా బాపు (నాన్న) సినిమా హాల్లోంచి బయటికి వచ్చాక తన మాట తాను కాస్త సరిచేసుకుని మాట్లాడటం నాకు గుర్తుంది. ఈ ఏడాది అదే మాటను విని ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. ఒక నటుడు ఆ రకం మాటతోనే దేశంలో ఉత్తమ నటుడయ్యాడు. ఇది ఒక్క సినిమా తెచ్చిన మార్పు కాదు, పదేళ్లుగా కొత్త దర్శకులు కొంచెం కొంచెం తెచ్చుకున్నది.

చెప్పకుండా వదిలేసినవి ఉన్నాయి. 'బేబీ'లో వైష్ణవి చైతన్య బాగా నచ్చింది, ఆ సినిమా ఆ అమ్మాయిని నిలదీసిన పద్ధతి నచ్చలేదు. యూట్యూబ్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి తెలుగు సినిమాకు హీరోయిన్ అవడం మాత్రం సంతోషం. శరత్‌బాబు, చంద్రమోహన్, జమున గారలు ఇదే ఏడాది వెళ్లిపోయారు. ఒక్కొక్కరికీ వేరే వ్యాసం కావాలి.

దసరాకు బాపును తీసుకుని మళ్లీ అత్త వాళ్లింటికి వెళ్లాను. ఏప్రిల్‌లో తెర కట్టినచోటే ఆడవాళ్లు బతుకమ్మ ఆడారట, పక్కన చెత్తకుండీ నిండా తంగేడు పూలు వాడిపోయి ఉన్నాయి. మాటల్లో 'బలగం' ప్రస్తావన వచ్చింది. తాను ఫోన్లో చూశానని, అంతమంది ఎందుకు ఏడ్చారో అర్థం కాలేదని బాపు అన్నాడు. అత్త బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"ఫోన్ల చూసుడు గూడ చూసుడేనారా తమ్మీ! మల్ల తెర కడితే చెప్పి పంపుత. వచ్చి నా పక్కకు కూసో."

ఆ గుడ్డ పంచాయతీ బీరువాలో మడతపెట్టి ఉందని బావ చెప్పాడు.