జాలీ గోడ అలంకారం కాదు

"వేడి దేశాల్లో విశ్వవిద్యాలయం కట్టాలంటే గాజు భవనం, ఏసీ తప్ప మార్గం లేదు. ముంగిళ్లూ జాలీలూ చిన్న ఇళ్లకే, ఇప్పుడవి అలంకారం మాత్రమే." ఈ సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. జాలీ అంటే రంధ్రాలున్న గోడ లేదా తెర. దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను.

పెద్ద ప్రాంగణాలకు పనికిరావన్నది మొదటి మాట. వాస్తుశిల్పి కమాల్ ఎల్ కఫ్రావి రూపొందించిన ఖతార్ విశ్వవిద్యాలయాన్ని చూడండి. ఎనిమిది భుజాల గదులు, వాటి నడుమ ముంగిళ్లు, పైన గాలిని పట్టే బురుజులు. ఒక చిన్న అమరికనే కావలసినన్నిసార్లు పేర్చుకుంటూ పోతే పెద్ద ప్రాంగణం తయారైంది. అబూధాబీలోని మస్దార్ అనే కొత్త నగరంలోనూ భవనాలను దగ్గరగా కట్టి, ఇరుకు వీధులకు వాటి నీడనే కప్పారు.

ఇక అలంకారమన్న మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. జైపూర్‌లోని పెర్ల్ అకాడమీకి జాలీ తెరను గోడకు అంటించలేదు, సుమారు 4 అడుగుల దూరంలో నిలబెట్టారు. ఎండ జాలీ మీదే ఆగుతుంది. అది వేడెక్కినా ఆ వేడిలో చాలా భాగాన్ని మధ్యలోని గాలి మోసుకుపోతుంది. రంధ్రం ఎత్తు ఎంతో పలక మందం కూడా అంతే ఉంటే, నడినెత్తిన ఉన్న సూర్యుడి కిరణాలు నేరుగా లోపలికి దిగవు, వెలుతురు మాత్రం వస్తుంది. అదే గాజు గోడైతే వెనక పరదా వేసినా ఫలితం తక్కువ, ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసింది.

కంప్యూటర్లకు ఏసీ కావాలి కదా అంటారు. కావాలి, ఎవరూ కాదనలేదు. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రంలో వాస్తుశిల్పి లారీ బేకర్ కంప్యూటర్ విభాగానికి రెండు వరుసల గోడలు కట్టారు. బయటి ఇటుక జాలీ ఎండను అడ్డుకుంటుంది, లోపలి గోడ చల్లదనాన్ని నిలుపుతుంది. ఏసీ మీద భారం తగ్గుతుంది.

అయితే సంప్రదాయాన్ని మెచ్చుకునేవారూ ఒక పొరపాటు చేస్తున్నారు. పొడి వేడిలో హాయినిచ్చే నీటి కొలను తేమ ఉన్న తీరంలో ఉక్కపోతను పెంచుతుంది. రాత్రి చల్లబడని చోట మందపాటి గోడలు వేడిని వదలవు. అక్కడ కావలసింది పొడవాటి చూరు, ఎదురెదురు కిటికీలు. అందుకే భవన నమూనా చేతికి రాగానే గోపురాల అందం చూసి మురిసిపోకుండా, పడమటి ఎండ ఏ గోడ మీద ఏ నెలలో ఎన్ని గంటలు పడుతుందో వాస్తుశిల్పిని అడగాలి.