హనోయ్ నుంచి మన ఖాతాలోకి డబ్బులు రావు

మా కావలి టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఆ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. "ఐక్యరాజ్యసమితి సైబర్ చట్టం అమల్లోకి వచ్చింది. భారత్ సంతకం చేసింది. ఇక మోసపోతే 24 గంటల్లో డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, 1930కి ఫోన్ చేయనక్కర్లేదు. కాల్స్ అన్నీ రికార్డవుతాయి. మూడు టిక్కులు పడితే ప్రభుత్వం చూసినట్టే. పది మందికి పంపండి." పంపినవాడు హెడ్మాస్టరు.

మూడు టిక్కుల కథ పాతది, వదిలేయండి.

మెసేజ్‌లో చట్టమన్నది నిజానికి సైబర్ నేరాల మీద దేశాల మధ్య ఐక్యరాజ్యసమితి ఒప్పందం. దాని మీద సంతకాలు 2025 అక్టోబరు 25న వియత్నాం రాజధాని హనోయ్‌లో మొదలయ్యాయి. అక్కడ సంతకం చేసిన దేశాల్లో మనది లేదు. చేసినా, 40 దేశాలు ధ్రువీకరించాక ఇంకో 90 రోజులకు గానీ ఒప్పందం అమల్లోకి రాదు. నిశ్చితార్థం ఫొటో చూసి బారసాల ఎప్పుడని అడిగినట్టుంది.

ఒళ్లు మండేది ఆ 24 గంటల ముక్కకి. మా చిన్నాయన రొయ్యల మేతకని దాచిన 90 వేలు పోయిన నెల 'డిజిటల్ అరెస్టు' అని దొంగ పోలీసులు బెదిరించే వీడియో కాల్‌కి సమర్పించుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి పోతే, ఈ మెసేజ్ నమ్మి మర్నాడు పొద్దుటిదాకా పాస్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తే జరిగేది ఒకటే: డబ్బు ఏ ఖాతాకి చేరిందో అక్కడ కదలకుండా ఆపిస్తారు. డ్రా చేసేశాక ఇంక ఆపేదేముంది? మేము చేసేసరికి ఆఖరి ఖాతాలో 1,100 మిగిలాయి. ఏరా హెడ్మాస్టరూ, చిన్నాయన ఐఎఫ్ఎస్‌సీ కోడ్ హనోయ్‌కి పంపమంటావా?

ఒప్పందం పని వేరు. ఒక దేశం అడిగితే ఇంకో దేశం సర్వర్ రికార్డులు చెరిగిపోకుండా ఆపడం, నిందితులను అప్పగించడం, పగలూ రాత్రీ పలికే ఒక నంబరు పెట్టుకోవడం. ఐరోపావాళ్ల 2001 బుడాపెస్ట్ ఒప్పందం చేసేదీ ఇదే. అందులోనూ మనం లేము. మయన్మార్ మోసాల శిబిరాల నుంచి 2025 మార్చిలో 549 మంది మనవాళ్లు థాయ్‌లాండ్ మీదుగా ఇల్లు చేరింది కూడా దేశాలు మాట్లాడుకుంటేనే. ఆ కాల్స్ చేసేవాళ్లలో ఉద్యోగమని వెళ్లి ఇరుక్కున్న మన పిల్లలూ ఉన్నారు మరి.

'కాల్స్ అన్నీ' అన్నది అబద్ధం. కానీ ఇక్కడ మాత్రం రాసినవాడికి సగం మార్కులు వేయాలి. సంభాషణలను అప్పటికప్పుడు సేకరించే అధికారాల మీద ఆ ఒప్పందంలో నిజంగానే అధికరణం ఉంది. హ్యూమన్ రైట్స్ వాచ్ లాంటి సంస్థలు మొత్తుకున్నది ఇలాంటి వాటికే. మనం చేరే రోజు వస్తే దీని మీద గొడవ పడాల్సిందే.

ఇది టైపు చేస్తుండగానే ఐదోసారి వచ్చింది, ఈసారి ఇంటి గ్రూపులో. పంపింది చిన్నాయన కొడుకు.