బిల్టిన్ ఫంక్షన్లను తక్షణం నిషేధించాలి

కొత్తగా పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల పౌరుషానికి బిల్టిన్ ఫంక్షన్లను, అంటే ఆ భాషలో ముందే రాసిపెట్టి ఉన్న పనిముట్లను, మించిన శత్రువు లేదు. లెన్, సమ్, మ్యాక్స్, సార్టెడ్... ఇంపోర్ట్ కూడా అక్కర్లేకుండా పిలిస్తే పలుకుతాయి. ఇంత తేలిగ్గా పని జరిగిపోతే ఇక మన కష్టానికి విలువేముంది?

-7, -3, -12 ఉన్న లిస్టులో పెద్ద సంఖ్య కావాలి. మ్యాక్స్ వాడితే -3 అని చెప్పి ఊరుకుంటుంది. స్వశక్తిని నమ్ముకున్నవాడు అలా చెయ్యడు. ‘పెద్దది’ అనే వేరియబుల్‌లో 0 పెడతాడు, ఫర్ లూప్ తిప్పుతాడు, ఒక్కోదాన్నీ ఇఫ్‌తో పోలుస్తాడు. జవాబు 0! లిస్టులో లేనే లేని సంఖ్యను పట్టుకురావడం మ్యాక్స్ తరమా? 0 బదులు లిస్టులోని మొదటి సంఖ్యతో మొదలుపెడితే సరిపోయేదని కొందరు గొణుగుతారు, పట్టించుకోకండి. ఖాళీ లిస్టు ఇచ్చి చూడండి: మ్యాక్స్ వాల్యూఎర్రర్ అంటూ పేచీకి దిగుతుంది. మనదైతే మారుమాట లేకుండా అదే 0 ఇస్తుంది. మర్యాదంటే అదీ.

రౌండ్ సంగతి ఎత్తకపోవడమే మేలు. 3.5ని 4 చేస్తుంది, 2.5ని 2 చేస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంటే సరిసంఖ్య వైపు మొగ్గుతుందని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. కానీ దాన్ని చదవడమంటే ఓటమిని ఒప్పుకోవడమే కదా.

బిల్టిన్లను ఒక్కసారిగా మానలేని బలహీనులు వాటి పేర్లనే వేరియబుల్స్‌కి పెట్టుకోవచ్చు. పైన ‘సమ్ = 0’ అని రాయండి, పైథాన్ కిక్కురుమనదు. నలభై లైన్ల కింద సమ్‌కి లిస్టు ఇచ్చి పిలిచినప్పుడు మాత్రం, ఇంట్‌ని (పూర్ణసంఖ్యని) ఫంక్షన్‌లా పిలవడం కుదరదంటూ టైప్‌ఎర్రర్ వస్తుంది. అది చూపించే లైను శుభ్రంగానే ఉంటుంది, ఎంతసేపు చూసినా తప్పు దొరకదు. కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా నడిపే నోట్‌బుక్‌లో రాసేవాళ్లు ఇంకా అదృష్టవంతులు: పై సెల్‌లో పేరు మార్చినా, వెనక కోడ్‌ని నడిపే కెర్నెల్‌ని రీస్టార్ట్ చేసేదాకా పాత సమ్ చావదు.

సార్టింగ్‌కి, పక్కపక్క సంఖ్యలను పోల్చి తారుమారు చేస్తూ పోయే బబుల్ సార్ట్ ఉండగా వేరే దిక్కెందుకు? టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం, సార్టెడ్ వెనక పనిచేసే టిమ్‌సార్ట్ పద్ధతి రాశాడంటే అది ఆయన ముచ్చట. పదివేల సంఖ్యలకు మన రెండు లూపులు దాదాపు 5 కోట్ల పోలికలు చేస్తాయి. సార్టెడ్ లక్ష పైచిలుకుతో సరిపెట్టేస్తుంది, ఒట్టి బద్ధకం.

ఇక ప్రోగ్రామ్ డిజైన్. లోపలికి ఏం వస్తుంది, బయటికి ఏం పోవాలి, మధ్యలో ఏ ఫంక్షన్ ఏ ఒక్క పని చెయ్యాలి అని ముందే కాగితం మీద రాసుకునేవాళ్లు పిరికివాళ్లు. ధీరుడు ‘సగటు’ అనే ఒక్క ఫంక్షన్‌లోనే ఇన్‌పుట్ అడుగుతాడు, లెక్క కడతాడు, ప్రింట్ చేస్తాడు. ఇన్‌పుట్ ఇచ్చేది స్ట్రింగ్, అంటే అక్షరాల వరస కనుక, సంఖ్యగా మార్చడం మరిస్తే 12కి 30 కలిపితే 1230 అవుతుంది. టెస్ట్ చెయ్యాలంటే ప్రతిసారీ అంకెలన్నీ మళ్లీ టైప్ చెయ్యాలి, వేళ్లకు వ్యాయామం. జవాబును ఫంక్షన్ బయటికి అందించే రిటర్న్ రాయడు కాబట్టి, ఆ సగటుకు 5 కలపబోతే నన్‌టైప్‌కి (అంటే ఏమీ లేనిదానికి) ఇంట్‌ని కలపలేనని పైథాన్ మొరాయిస్తుంది. స్క్రీన్ మీద సగటు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, పాపం దానికి కనపడదు కాబోలు. ఇంకో రెండు ప్రింట్లు పెట్టి చూడండి.